కాజాలక్క మరమ్మతు గది

ఆమెను అందరూ కాజాలక్క అనేవాళ్ళు. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. పదిహేడో ఏట బట్టల ఫ్యాక్టరీలో చేరినప్పుడు ఆమెకిచ్చిన మొదటి పని చొక్కాలకు కాజాలు తియ్యడం. గుండీ దూరే ఆ చిన్న కంత చుట్టూ దారం ఎంత బిగువుగా పడాలో, ఎక్కడ ముడి వేస్తే ఏళ్ళ తరబడి విడిపోకుండా ఉంటుందో ఆ లైనులో ఆమె చేతికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలిసేది కాదు. ఆ తర్వాత కాలర్లు కుట్టింది, కోట్లకు లైనింగ్ వేసింది, కొత్తగా చేరినవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పింది. పేరు మాత్రం కాజాల దగ్గరే ఆగిపోయింది.

ఇరవై రెండేళ్ళు అలా కుట్టాక ఒకరోజు మధ్యాహ్నం మిషను సూది ఆమె చూపుడు వేలి గోట్లోంచి దిగింది. వేలు మానింది కానీ, సూది ఎందుకు దిగిందన్న సంగతి బయటపడింది. దగ్గరి చూపు మందగించింది. కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా కుడితే ఒక్క కుట్టు తప్పేది కాదు. కానీ లైను నిదానానికి ఒప్పుకోదు. గంటకు ఇన్ని అని లెక్క. ఒకరి దగ్గర ముక్క ఆగితే వెనక నలభై మంది చేతులు ముడుచుకుని కూర్చోవాలి.

"నిన్ను తీసెయ్యడానికి నాకు మనసొప్పదక్కా. అలాగని లైన్లో కూర్చోబెట్టలేను. వెనక షెడ్డుకు వెళ్ళు" అన్నాడు సూపర్‌వైజర్. అతనికి పని నేర్పింది కూడా ఆమే.

వెనక షెడ్డులో కుట్టడం ఉండదు. కత్తిరించడమే.

దుకాణాల్లో అమ్ముడుపోని బట్టలు, కొన్నవాళ్ళు వద్దని తిప్పి పంపినవి, రంగు పిసరంత తేడా వచ్చిందని కాదన్నవి, అన్నీ అట్టపెట్టెల్లో అక్కడికి చేరేవి. చాలావాటికి ధర చీటీ కూడా ఊడి ఉండేది కాదు. ఐదుగురు ఆడవాళ్ళు పొడవాటి రేకు బల్ల చుట్టూ నిలబడి ఒక్కోదాన్నీ తీసి, వీపు మీద నిలువునా ఒక కోత, చేతుల మీద అడ్డంగా చెరొక కోత పెట్టి పక్క గుట్టలోకి విసరాలి. ఎవరూ తొడుక్కోవడానికి పనికిరాకుండా చెయ్యాలి. చీటీ ఉన్న బట్టకు చీటీతో సహా కోత పడాలి.

ఎందుకిలా అని మొదటిరోజే అడిగింది కాజాలక్క.

"ఇవే బట్టలు రేపు రోడ్డు పక్కన గుట్టపోసి పావు ధరకు అమ్మితే, అద్దాల కొట్లో పూర్తి ధర పెట్టి ఎవరు కొంటారక్కా? పేరు చెడుతుంది. పేరు చెడటం కంటే బట్ట చెడటమే నయం వాళ్ళకి" అన్నాడు సూపర్‌వైజర్, నేల చూపులు చూస్తూ.

బల్ల దగ్గర ఆమె పక్కన నిలబడే మనిషిని బొంగరం అనేవాళ్ళు. కాలూ ఒకచోట నిలవదు, నోరూ నిలవదు. ఎప్పుడో భర్త పోయాడు, ఇద్దరు పిల్లల్ని ఒంటిచేత్తో సాకుతోంది. "కుట్టేటప్పుడు కుట్టు వంకరపోతే తిట్టారు. ఇప్పుడేమో వంకరగా కొయ్యకపోతే తిడతారు. మన బతుకులో వంకర మాత్రం ఎక్కడికీ పోదక్కా" అంది బొంగరం. అందరూ నవ్వారు. కాజాలక్క కూడా నవ్వింది, కానీ చేతిలో ఉన్న చిన్నపిల్ల గౌను మీద కత్తెర పెట్టడానికి చాలాసేపు పట్టింది.

నెల తిరిగేసరికి బొటనవేలి కింద కాయ కాసింది. నూలు బట్ట అయితే కత్తెర మెత్తగా దిగేది. నైలాను, పాలిస్టరు అయితే కీచుమనేది, పళ్ళు జివ్వుమనేవి. గుడ్డ నూగు గొంతులో దిగి, సాయంత్రానికి మాట బొంగురుపోయేది. ఇవన్నీ అలవాటయ్యాయి. ఒక్కటి మాత్రం అలవాటు కాలేదు. వాళ్ళ కాలనీకి రోజు మార్చి రోజు నీళ్ళ ట్యాంకరు వచ్చేది. కాలనీ బోర్లన్నీ ఎండిపోయి ఏళ్ళయింది. ఆ పక్కనే ఉన్న రంగుల యూనిట్టు లోతైన బోర్లు వేసి, గుడ్డకు రంగు ఎక్కించడానికి, ఎక్కిన రంగును మళ్ళీ మళ్ళీ కడగడానికి ఉన్న నీళ్ళన్నీ తోడేసింది. తెల్లారగట్ల నాలుగు బిందెల కోసం గంట నిలబడి, అక్కడినుంచి షెడ్డుకు వచ్చి, ఆ నీళ్ళు తాగిన గుడ్డల్నే ముక్కలు చెయ్యాలి. ఆమె పెద్దగా చదువుకున్నది కాదు. అయినా ఆ రెండు పనులూ ఒకే పొద్దుట పక్కపక్కన పడేసరికి, కత్తెర దించే ముందు ప్రతి గుడ్డనూ ఒకసారి తడిమి చూసేది.

ఒకరోజు పెట్టె విప్పితే బూడిద రంగు ఆడవాళ్ళ కోట్లు వచ్చాయి. మొదటిదాన్ని పట్టుకోగానే ఆమె చెయ్యి ఆగింది. కాజా చివర దారాన్ని ఒక చుట్టు ఎక్కువ తిప్పి ముడి వెయ్యడం ఆమె అలవాటు. ఎవరూ నేర్పింది కాదు, ఎవరూ గమనించిందీ కాదు. ఆ కోటుకు ఉన్న ఐదు కాజాలకూ ఆ చుట్టు ఉంది. కింద ఉన్నవి తీసి చూసింది. అన్నిటికీ ఉంది. లైన్లో ఆఖరి చలికాలం కుట్టిన కోట్లు అవి. లైనింగు జారకుండా లోపల చేతికుట్టు కూడా వేసింది, ఎవరూ అడగకపోయినా.

బొంగరం ఆమె ముఖం చూసి సంగతి పట్టేసింది. "ఇటివ్వక్కా, నేను కానిస్తా. నువ్వు ఆ టీ షర్టులు చూసుకో."

"వద్దులే. నేను కుట్టినవి నేనే కోస్తా" అంది కాజాలక్క.

కోసింది. కాజాల మీదుగా మాత్రం కత్తెర పోనివ్వలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో భర్తకు చెప్పింది. అతను అదే కంపెనీకి కాంట్రాక్టు మీద లారీ తోలేవాడు. మితంగా మాట్లాడే మనిషి. కూతురికి పెళ్ళయి వేరే ఊరు వెళ్ళాక ఆ ఇంట్లో మాటలు ఇంకా తగ్గాయి. అంతా విని, పళ్ళెంలో చెయ్యి కడుక్కుని, "ఏ సరుకు, ఎక్కడికి, ఎందుకు అని అడుగుతూ కూర్చుంటే నా బండి కదలదు. నీ కత్తెరా అంతే. మనది పని, అంతవరకే అనుకో" అన్నాడు. మరీ కఠినంగా అన్నాననుకున్నాడేమో, కాసేపాగి, "చెయ్యి నొప్పిగా ఉందా" అని అడిగాడు.

అలా మూడేళ్ళు గడిచాయి.

నాలుగో ఏడు కొనుగోలుదారు దేశంలో కొత్త నిబంధన వచ్చిందన్నారు. అమ్ముడుపోని బట్టను నాశనం చేస్తే కంపెనీ సంజాయిషీ చెప్పుకోవాలట. ఒక సోమవారం పొద్దున కత్తెరలన్నీ లెక్కపెట్టి బీరువాలో పెట్టి తాళం వేశారు. పై ఆఫీసునుంచి ఒక మేడం వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఎత్తు మడమల చెప్పులు కాకుండా మామూలు బూట్లు వేసుకుంది, అడిగి నేల మీదే కూర్చుంది. పర్యావరణ విభాగం చూస్తానని చెప్పింది. ఈ బట్టలను ఏం చేస్తే బాగుంటుందో మీరే చెప్పండి అంది.

ఇరవై అయిదేళ్ళలో కాజాలక్కను ఆ మాట ఎవరూ అడగలేదు. ఆమె లేచి, తిప్పి పంపిన పెట్టెలోంచి మోచెయ్యి చిరిగిన ఉన్ని చొక్కా ఒకటి తీసింది. అదే చొక్కా లోపలి అంచునుంచి దారం లాగి, సూదికి ఎక్కించి, నిలువు పోగులు పరిచి, అడ్డపోగు కిందా మీదా పోనిస్తూ రఫ్ఫు చేసి చిరుగును మూసేసింది. మేడం దాన్ని వెలుతురుకు పట్టుకుని చిరుగు ఎక్కడుందో వెతికింది. దొరకలేదు.

"నూటికి డెబ్భై ఇలా బాగుచెయ్యొచ్చమ్మా" అంది కాజాలక్క. "గుండీ ఊడిందనో, జిప్పు పట్టేసిందనో, కొలత నప్పలేదనో వచ్చేవే ఎక్కువ. మరీ పాడైనవి కుట్లు విప్పితే గుడ్డ గుడ్డగా వస్తుంది. చిన్నపిల్లల బట్టలకు సరిపోతుంది. దేనికీ పనికిరానివి నూలు వేరు, ఉన్ని వేరు చేసి దారం తీసేవాళ్ళకి ఇవ్వచ్చు. కలిపి నేసినవి మాత్రం ఏమీ చెయ్యలేం. అవి నేసినవాళ్ళే ఆలోచించాలి."

మేడం రాసుకుంది. రెండు నెలల్లో మరమ్మతు గది తెరిచారు.

పాత సామాన్ల గది అది. గోడలకు సున్నం వేసి, ఆరు మిషన్లు పెట్టి, అరల నిండా గుండీల సీసాలు సర్దారు. అన్నిటికంటే కాజాలక్కకు నచ్చింది ఒక పక్క గోడకున్న పెద్ద కిటికీ. ఆమెను ఆ గదికి పెద్దను చేశారు. ఇక్కడ గంటకు ఇన్ని అన్న లెక్క లేదు. బాగయిన ప్రతి బట్టకూ ఆకుపచ్చ అట్ట చీటీ కట్టి, ఏం బాగుచేశారో రాయాలి. "మోచెయ్యి రఫ్ఫు, రెండు గుండీలు." "జిప్పు కొత్తది, అంచు మడత." గుండ్రటి అక్షరాలతో ఆమే రాసేది. వారానికోసారి బేళ్ళు కట్టి పంపేవాళ్ళు. బాగయినవి వేరే ఊళ్ళ దుకాణాలకు, కానివి దారం తీసే మిల్లుకు అని చెప్పారు.

బొంగరానికి రఫ్ఫు పట్టుబడటానికి నెలన్నర పట్టింది. ఆరోజు తను మూసిన చిరుగును తనే వేలితో తడిమి చూసుకుని, "అక్కా, దీన్ని నేనే చేశానంటే మా ఇంట్లో నమ్మరు" అంది. అప్పట్నుంచీ కాలు కూడా కాస్త నిలకడగా ఉండేది.

ఆ ఏడాది కాజాలక్క మనిషే మారిపోయింది. పనికి బయల్దేరే ముందు కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకునేది. ఇంటికొచ్చి భర్తకు ఏ బట్టకు ఏం చేశారో చెప్పేది. అతను వినేవాడు. వింటూ వింటూ ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి బయటికి వెళ్ళేవాడు. ఆమె పట్టించుకోలేదు, మొదట్నుంచీ అంతేగా అనుకుంది. ఫోటో తియ్యడానికి ఎవరో వచ్చారు. కిటికీ దగ్గర సూది పట్టుకుని కూర్చోమన్నారు. కొన్నాళ్ళకు కూతురు ఫోను చేసింది. "అమ్మా, నీ బొమ్మ కంపెనీవాళ్ళ పుస్తకంలో వేశారు. ఫోన్లో చూశా. మా అత్తగారికి కూడా చూపించా" అంది. ఆరోజు ఆమె మూడుసార్లు అద్దం చూసుకుంది.

సంగతి బయటపడింది ఒక సెలవు రోజు పొద్దున. బట్టలు నానబెట్టబోతూ అలవాటు ప్రకారం భర్త చొక్కా జేబులు తడిమింది. నాలుగు మడతలు పెట్టిన అట్టముక్క తగిలింది. విప్పింది. ఆకుపచ్చ చీటీ. "కాలరు తిరగేసి కుట్టాం. ఎడమ జేబు కొత్తది." తన రాతే.

ముంగిట్లో లారీ అద్దాలు తుడుస్తున్న భర్త దగ్గరికి వెళ్ళింది.

"ఇది మీ జేబులోకి ఎలా వచ్చింది?"

అతను చూశాడు. తుడిచే గుడ్డను మెల్లగా పిండి, అద్దం మీద ఆరేశాడు.

"బేలు కట్టు తెగింది. దించేటప్పుడు నాలుగైదు కింద పడ్డాయి. నీ రాత కనపడింది. మంటలో వెయ్యబుద్ధి కాలేదు, లాగి జేబులో పెట్టుకున్నా."

"మంటేంటి?"

అతను అద్దం మీది గుడ్డను తీసి మళ్ళీ పిండాడు.

"దుకాణాలకు పోతున్నాయని కదా అన్నారు."

"దుకాణాలకు మొదటి రెండు నెలలు వేశా. వాళ్ళు దించుకోలేదు. అతుకు వేసిన బట్ట మా దగ్గర ఎవరు కొంటారన్నారు. మిల్లువాళ్ళు కూడా అంతే. నూలూ పాలిస్టరూ కలిసి ఉంది, మాకొద్దన్నారు. అప్పట్నుంచి అన్నీ సిమెంటు కొలిమికే."

"ఎప్పట్నుంచి?"

"పది నెలలు."

గది తెరిచి ఏడాది. ఆమె మెట్టు మీద కూర్చుండిపోయింది. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. చీటీని మోకాలి మీద పెట్టి మడతలు సాపు చేసింది.

"రోజూ చెప్తుంటే విన్నారు" అంది.

"పెళ్ళయిన ఇన్నేళ్ళలో నువ్వు అంత సంతోషంగా ఉండటం నేను చూడలేదు. ఎలా చెప్పమంటావు?" అన్నాడు అతను, నేలకేసి చూస్తూ.

మరుసటి వారం బేళ్ళు ఎక్కించే రోజున ఆమె సెలవు పెట్టి లారీలో భర్త పక్కన కూర్చుంది. అతను వద్దనలేదు. రెండు గంటలు పోయాక దుమ్ము రంగు ఆకాశం కింద సిమెంటు ఫ్యాక్టరీ గొట్టం కనపడింది. గేటు దగ్గర లారీని తూచారు. లోపల ఇనుప కొక్కేల యంత్రం బేళ్ళను ఒక్కొక్కటే ఎత్తి, ముక్కలు చేసే తొట్టిలో వేస్తోంది. అక్కడినుంచి రబ్బరు పట్టీ మీద గుడ్డపీలికలు పైకి పోతున్నాయి. పట్టీ మీద ఆకుపచ్చ అట్టముక్కలు అక్కడక్కడా కనపడ్డాయి.

తొట్టి దగ్గర పనిచేసే మనిషి మర్యాదస్థుడు. ఆమెను చూసి దుమ్ము పడకుండా పక్కకు రమ్మన్నాడు. "బొగ్గు కంటే బాగా మండుతాయమ్మా, లోపల ప్లాస్టిక్ దారం ఉంటుందిగా. నూలువే కొంచెం నిదానం" అన్నాడు. మరమ్మతు చేసినవని అతనికి తెలియదు.

బేలు అంచున ఒక నీలం కోటు చెయ్యి వేలాడుతోంది. దాని మోచెయ్యి బాగుచెయ్యడానికి బొంగరానికి ఒక పూటంతా పట్టింది. సరైన దారం దొరక్క మూడు సీసాలు వెతికారు.

"అదొక్కటి తీసుకోనా?" అని అడిగింది.

"ఇవ్వకూడదమ్మా. అక్కడ ఎక్కిన బరువూ ఇక్కడ పడిన బరువూ ఒకటే ఉండాలి. కాల్చినట్టు కాగితం ఇవ్వాలి మేం" అన్నాడతను. అతని గొంతులో నొచ్చుకోవడం ఉంది. కొక్కెం దిగింది. కోటు చెయ్యి ఒకసారి గాల్లో ఊగి, లోపలికి పోయింది.

తిరుగు దారిలో భర్త ఒకచోట బండి ఆపి టీ తెచ్చిచ్చాడు. ఆమె తాగలేదు. చేతిలో పట్టుకునే ఉంది, చల్లారిపోయేదాకా.

మేడం పై ఆఫీసునుంచి వచ్చినప్పుడు కాజాలక్క అందరిముందూ అడగలేదు. కిటికీ దగ్గరికి పిలిచి చీటీ చేతిలో పెట్టింది. కొలిమి దగ్గర చూసింది చెప్పింది. మేడం ముఖంలో ఆశ్చర్యం లేకపోవడం చూసి, చెబుతున్న మాట మధ్యలోనే ఆపేసింది.

"మీకు తెలుసన్నమాట."

"నాలుగు నెలలుగా తెలుసక్కా. కాగితాల మీద దాన్ని కాల్చడం అనరు. శక్తిగా తిరిగి వాడుకోవడం అంటారు. కొత్త నిబంధనకు అది సరిపోతుంది. దుకాణాల్లో ఒక మూల ఇవ్వండి, అమ్ముడుపోతే పోతాయి అని ఎంతమంది కాళ్ళు పట్టుకున్నానో. ఒక కొత్త చొక్కా కుట్టడానికి పట్టే ఖర్చు కంటే పాతది బాగుచెయ్యడానికే ఎక్కువ పడుతోందన్నారు."

"మరి ఈ గది ఎందుకు పెట్టారు?"

మేడం కిటికీలోంచి బయటికి చూసింది. "ఏడాది నివేదికలో ఈ గదికి ఒక పేజీ ఉంది. ఆ పేజీ వాళ్ళకు కావాలి."

తన బొమ్మ ఉన్నది ఆ పేజీలోనేనని కాజాలక్కకు అర్థమైంది. మేడాన్ని ఏమీ అనలేకపోయింది. ఆ పిల్ల కళ్ళు కూడా ఎర్రగానే ఉన్నాయి. పై నెలలో ఉద్యోగం మానేస్తున్నానని చెప్పింది. మానెయ్యగలిగినవాళ్ళు వాళ్ళు, అనుకుంది కాజాలక్క.

గదిలో వాళ్ళకు చెప్పడానికి నాలుగు రోజులు తాత్సారం చేసింది. చివరికి బొంగరానికి చెప్పింది. బొంగరం వింటున్నంతసేపూ సూది ఆపలేదు.

"నాకు తెలియకపోతే బాగుండేదక్కా" అంది. తర్వాత, "జీతం వస్తోందిగా. కూర్చుని చేసే పని. నూగు లేదు. కాలుస్తారో పాతరేస్తారో వాళ్ళిష్టం. నువ్వు మాత్రం ఎవరితోనూ అనకు. నీకు మీ ఆయనున్నాడు. నాకు ఇదొక్కటే."

కాజాలక్క సరేనంది. నిజంగానే ఊరుకుందామనుకుంది. కానీ ఆరోజు నుంచి ఆమె సూది సాగలేదు. చిరుగు అంచులు సరిచేసి, పోగులు పరచబోయేసరికి రబ్బరు పట్టీ కళ్ళముందు కదిలేది. కుట్టినదాన్ని విప్పి మళ్ళీ కుట్టేది. చీటీలు రాయడం ఇంకొకరికి అప్పగించింది. ఒకరోజు సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళి, "నాకు మళ్ళీ కత్తిరించే పనే ఇవ్వు తమ్ముడూ. అదైనా ఉన్నదున్నట్టు ఉండేది" అంది. ఆ పని ఇప్పుడు ఉండకూడదక్కా, చట్టం ఒప్పుకోదు అన్నాడతను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

రెండు నెలల తర్వాత ఆ నివేదికను సరిచూడటానికి బయటినుంచి తనిఖీవాళ్ళు వచ్చారు. ముందు రోజు గదిని కడిగారు, అరల్లో సీసాలను రంగుల వరసలో పెట్టారు. అడిగినదానికే జవాబు చెప్పండి, ఎక్కువ మాట్లాడకండి అని మేనేజరు స్వయంగా వచ్చి చెప్పి వెళ్ళాడు. తనిఖీకి వచ్చినవాళ్ళలో తల నెరిసిన పెద్దాయన ఒకాయన అందరి దగ్గరా ఆగి, చివరికి కాజాలక్క దగ్గరికి వచ్చాడు. పుస్తకంలో బొమ్మ చూశానన్నాడు.

"మీరు బాగుచేసిన బట్ట ఎవరో తొడుక్కుంటున్నారంటే మీకెలా అనిపిస్తుందమ్మా?" అని అడిగాడు.

అది మామూలు మర్యాద ప్రశ్న. సంతోషంగా ఉంటుంది సార్ అంటే ఆయన తలూపి వెళ్ళిపోయేవాడు. బొంగరం తన మిషను దగ్గరనుంచి చూస్తోంది. కాజాలక్క ఆ చూపును చూసింది కూడా.

"ఎవరూ తొడుక్కోవట్లేదు సార్. సిమెంటు కొలిమిలో కాలుస్తున్నారు. నేను వెళ్ళి చూసొచ్చాను" అంది.

గొంతు పెంచలేదు. టైము చెప్పినట్టు చెప్పింది. గదిలో ఆరు మిషన్లూ ఆగిపోయాయి.

ఆ పెద్దాయన రాసుకున్నాడు, తేదీలు అడిగాడు, లారీలు వెళ్ళే రోజు అడిగాడు. మనిషి మంచివాడే. ఆయన రాసినదాని ఫలితం నెల తిరక్కుండా వచ్చింది. మరమ్మతు గది వివరాలు తప్పుదారి పట్టించేలా ఉన్నాయని నివేదికలోంచి ఆ పేజీ తీసేశారు. పేజీ పోయాక గదితో ఎవరికీ పని లేకపోయింది. మిషన్లు లైనుకు తరలించారు. నలుగుర్ని లైనులోకి, ఇస్త్రీలోకి పంపారు. బొంగరాన్ని ఆవిరి ఇస్త్రీ బల్ల దగ్గర నిలబెట్టారు. కాజాలక్కను రేపట్నుంచి రావద్దన్నారు. ఆమె భర్త లారీ కాంట్రాక్టు కూడా పొడిగించలేదు. బేళ్ళు ఆగాయా అంటే, ఆగలేదు. వేరే కాంట్రాక్టరు లారీలు అదే దారిన పోతున్నాయని భర్త స్నేహితుడొకడు చెప్పాడు. ఇప్పుడు వాటిలో బాగుచేసినవి లేవు, అంతే తేడా.

భర్త ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేదేమో. ఇటుకలు తోలే బండి మీద పని వెతుక్కున్నాడు. సాయంత్రం ఎర్రటి దుమ్ముతో వచ్చి, కాళ్ళు కడుక్కుని పడుకునేవాడు.

కాజాలక్క ఇంటి అరుగు మీద పాత మిషను వేసి, బట్టలు బాగుచేస్తానని అట్టమీద రాసి పెట్టింది. మొదటి నెల ముగ్గురొచ్చారు. రెండో నెల ఒక్కరు. చిరిగితే కొత్తది కొనుక్కునే రేటులోనే దొరుకుతోంది కదా అన్నారు. అది నిజమే, వాదించడానికేం లేదు. వాళ్ళు కొనేవాటిని కుట్టిందీ తనలాంటివాళ్ళే.

బొంగరం ఏడెనిమిది నెలలు ఆమెతో మాట్లాడలేదు. సంతలో ఎదురుపడితే పక్క సందులోకి తిరిగేది. ఒకరోజు బస్సు స్టాపులో తప్పించుకునే వీలు లేక పక్కనే నిలబడాల్సి వచ్చింది. ముంజేతుల మీద ఆవిరికి కాలిన మచ్చలున్నాయి. కాజాలక్క వాటిని చూస్తుంటే, చేతులు వెనక్కి పెట్టుకుంది.

"తప్పు మాట చెప్పావని నేననట్లేదు" అంది బొంగరం, రోడ్డుకేసి చూస్తూ. "కానీ ఆ ఏడాదంతా మా చిన్నది స్కూల్లో మా అమ్మ రఫ్ఫు చేస్తుందని చెప్పుకునేది. ఇప్పుడేం చెప్పమంటావు?"

బస్సు వచ్చింది. బొంగరం ఎక్కింది.

ఆ మరుసటి ఏడు ప్రభుత్వాసుపత్రిలో దుప్పట్ల గదిలో కుట్టుపని ఉందని తెలిసి వెళ్ళింది. నేలమాళిగలో తడివాసన వేసే గది. పైనుంచి చలవచేసి వచ్చిన దుప్పట్లు, రోగుల చొక్కాలు, దిండు గలీబులు, ఆపరేషను గది ఆకుపచ్చ గుడ్డలు గుట్టలుగా ఉంటాయి. చిరిగినవి ఏరి కుట్టాలి. కొన్ని దుప్పట్ల మీద పదేళ్ళ కిందటి ముద్ర ఉంది. అతుకు మీద అతుకు, తనకంటే ముందు ఎవరో వేసిన కుట్లు, ఆ కుట్లు తెగితే వేసిన ఇంకొకరి కుట్లు. ఆ బట్టను పట్టుకుంటే ఇంకా దారం పట్టేలా ఉంది. ఆమె మళ్ళీ కుడుతుంది, దుప్పటి పైకి పోతుంది, ఎవరో కప్పుకుంటారు, తడుపుతారు, చించుతారు, మళ్ళీ కిందికొస్తుంది. ఆమెకు ఆ పని సంతోషమని చెప్పలేం. నిద్ర పట్టేది.

ఈ మధ్య కొత్త టెండరు దుప్పట్లు వస్తున్నాయి. పలచగా, నున్నగా, ముట్టుకుంటే జారిపోతూ ఉంటాయి. ఆరు ఉతుకులకే కుట్టు పక్కనే బారుగా చీలిపోతున్నాయి. సూది గుచ్చితే ఆ కంతనుంచే మళ్ళీ చిరుగు మొదలవుతోంది. రెండుసార్లు ప్రయత్నించి, గది చూసుకునే గుమస్తాకు చూపించింది.

"ఇవి కుట్టుకు ఆగట్లేదు సార్."

"ఆగవమ్మా. కుట్టక్కర్లేదు, పక్కన పడెయ్యి. వాటికి వేరే లారీ వస్తుంది" అన్నాడాయన, రిజిస్టరులోంచి తలెత్తకుండానే.

ఆమె పక్కన పడేసింది. మిగిలిన గుట్టలో పాత దుప్పట్లు ఎన్నున్నాయో వేరుచేసి చూసుకుంది. పదకొండు తేలాయి. మొదటిదాన్ని ఒడిలోకి తీసుకుని, కళ్ళజోడు సరిచేసుకుని, సూదికి దారం ఎక్కించింది.